అఫ్జల్ పేరు మీద రెండో నంబరు

“నీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయి?”

“ఒకటే మేడమ్.”

“రెండు” అన్నాడు త్రినాధరావు, కిటికీ దగ్గర నుంచి కదలకుండానే.

ఇన్‌స్పెక్టర్ సువార్త అతని వైపు చూడలేదు. ఆమె చూపంతా ఎదురుగా కుర్చీలో కూర్చున్న అఫ్జల్ ముఖం మీదే ఉంది. అనకాపల్లి బస్టాండు వెనక మోటారు సైకిళ్ళకి సీటు కవర్లు కుట్టే దుకాణం అతనిది. సూది పోట్లకి వేళ్ళ చివర్లు కాయలు కాచి ఉన్నాయి. మూడు రోజుల నుంచి బైపాసు పక్కనున్న ఈ గెస్ట్‌హౌస్ గదిలోనే ఉంచారు. అరెస్టు చూపించలేదు, కోర్టుకి పంపలేదు. అతని భార్య రుఖియా రోజూ స్టేషన్ మెట్ల మీద కూర్చుని “మా ఆయన్నెక్కడ పెట్టేరు మేడమ్?” అని అడుగుతూనే ఉంది. ఏమని చెప్పాలో సువార్తకే తెలియదు. ఎక్కడ ఉంచారో ఈ పొద్దుటిదాకా ఆమెకీ ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సిన మనిషి త్రినాధరావు. ఢిల్లీ నుంచి వచ్చిన కేంద్ర నిఘా అధికారి. రాంబిల్లి తీరంలో నేవీ కోసం భూములు తీసుకుంటున్నప్పటి నుంచీ అతను ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాడు. అఫ్జల్‌తో మాట్లాడడానికి ఆమెకి పది నిమిషాలిచ్చాడు. అదీ ఒకే ఒక్క కారణానికి. అఫ్జల్‌కి సిమ్ము అమ్మిన సెల్‌ఫోన్ రిపేరు షాపు సన్యాసిరావు నిన్న తన షాపులోనే చనిపోయాడు.

“ఆ ఒక్క సిమ్మూ ఎక్కడ కొన్నావు?”

“సన్యాసిరావు దగ్గరే మేడమ్. ఫోటో ఇచ్చేను, రేషన్ కార్డు జిరాక్సు ఇచ్చేను. వారం పోయాక మల్లీ పిలిచి, ‘ఫోటో బాగులేదని కంపెనీవోళ్ళు తిప్పి పంపేరు బావా, ఇంకోటియ్యి’ అన్నాడు. ఇచ్చేను.”

“సంతకం?”

“అదీ పెట్టేను. సిన్నప్పట్నుంచి దోస్తు. ఆడు పెట్టమంటే పెట్టనా?”

త్రినాధరావు చిన్నగా నవ్వాడు. “ప్రతివాడికీ ఒక దోస్తు ఉంటాడు ఇన్‌స్పెక్టర్ గారూ. తప్పంతా ఆ దోస్తుదే అవుతుంది.”

సువార్త ముందుకి వంగింది. “అఫ్జల్, సన్యాసిరావు నిన్న మధ్యాహ్నం చనిపోయాడు.”

అఫ్జల్‌కి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఆమెనీ త్రినాధరావునీ మార్చి మార్చి చూశాడు, ఇదికూడా తనని మాట్లాడించడానికి వేసిన ఎత్తేమో అన్నట్టు. ఆమె ముఖంలో అటువంటిదేమీ కనిపించలేదు కాబోలు, బేడీలున్న చేతులు రెండూ ఎత్తి ముఖం కప్పుకున్నాడు. ఆ చేతుల చాటు నుంచే అడిగాడు.

“కాసులమ్మొదిన దగ్గర ఎవరున్నారు మేడమ్? ఆళ్ళకి ఎవరూ నేరు.”

సువార్త లేచి తలుపు వైపు నడిచింది. త్రినాధరావు వెనకే వచ్చాడు.

వరండాలో ఆమె అతనికి అడ్డంగా నిలబడింది. “ఇతను ఏం చేశాడని పట్టుకున్నారో ఇప్పుడు చెప్పండి.”

“అది మీకు సంబంధించిన విషయం కాదు.”

“నా సర్కిల్‌లో ఒక శవం ఉంది. ఆ శవం అమ్మిన సిమ్ము మీ విషయం. రెండూ ఒకటే అయ్యాయి.”

అతను కొంచెం ఆలోచించి, లెక్కగట్టి మాట్లాడాడు. “అఫ్జల్ పేరు మీదున్న రెండో నంబరు నాలుగు నెలలుగా ఒకే ఒక్క నంబరుకి ఫోన్ చేస్తోంది. ఇంకెవరికీ చెయ్యదు. ఆ అవతలి నంబరు ఎక్కువగా రాంబిల్లి టవరు కింద ఉంటుంది. ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి లోకంలోనే లేడు. తీరంలో నేవీ వాళ్ళ సర్వే జరిగిన ప్రతిసారీ ఈ రెండు నంబర్లూ మాట్లాడుకున్నాయి. దీన్ని మీరేమంటారు?”

“వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో విన్నారా?”

“మాటలు వినలేదు. ఎవరు ఎవరికి చేశారు, ఎంతసేపు, ఏ టవరు కింద. మాకు అంతవరకే వస్తుంది.”

“అంటే మాట వినకుండానే మనిషిని పట్టుకొచ్చారు.”

“మా ఒక్కళ్ళ మాట మీద కాదు.” అతని గొంతు కొంచెం పెరిగింది. “మీ రాష్ట్రం వాళ్ళ తీర నిఘా విభాగం నుంచి కూడా రిపోర్టు వచ్చింది. అనకాపల్లిలో అఫ్జల్ అనే సీటు కవర్లవాడు నేవీ సమాచారం బయటికి పంపుతున్నాడని. వాళ్ళ దారి వేరు, మా దారి వేరు. రెండు వైపుల నుంచీ ఒకే పేరు వచ్చింది. ఇంతకంటే రుజువేం కావాలి?”

“ఆ రిపోర్టు ఎవరు రాశారు?”

“డీఎస్పీ సురేష్ బాబు. మీకు బాగా తెలిసిన ఆయనే అనుకుంటాను.”

తెలియకపోవడమేమిటి? ఆమె ఎస్సైగా చేరినప్పుడు మొదటి ఆఫీసరు ఆయనే. కేసు డైరీ రాయడం దగ్గర నుంచి అన్నీ ఆయనే నేర్పాడు. నిన్న సాయంత్రం కూడా ఫోన్ చేసి, “కరెంటు షాకు కేసమ్మా అది. ఢిల్లీ వాళ్ళ కళ్ళు పడకముందే ముగించెయ్యి” అన్నాడు. తన మీద అభిమానంతో చెప్పాడనే అనుకుంది.

“ఇంకొక్క ప్రశ్న” అంది సువార్త. “అఫ్జల్ మీ చేతికి చిక్కాక ఆ నంబరు నుంచి ఫోన్ వెళ్ళిందా?”

త్రినాధరావు చూపు వరండా బయటికి తిప్పుకున్నాడు.

“వెళ్ళింది. అవునా?”

“నిన్న మధ్యాహ్నం. రెండు గంటలకి కొంచెం ముందు. అఫ్జల్ తోడుదొంగ ఇంకొకడున్నాడని మా అంచనా.”

“అఫ్జల్ మీ గదిలో ఉన్నాడు. అతని నంబరు ఊళ్ళో మాట్లాడుతోంది. అయినా దోషి అతనే!” ఆమె టోపీ పెట్టుకుంది. “షాపుకి వెళ్తున్నాను. వస్తే రండి.”

“ఆ షాపు సీలు వేసి నాకు అప్పగించమని మీ పైవాళ్ళకి ఇందాకే చెప్పాను.”

“నా పంచనామా అయ్యేదాకా అది నా చోటు. ఆ తరవాత మీరూ, మా పైవాళ్ళూ చూసుకోండి.”

షాపు మెయిన్ రోడ్డుకి పక్క సందులో ఉంది. ఒక మనిషి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేటంత ఇరుకు. హెడ్ కానిస్టేబుల్ అప్పలరాజు సగం దించిన షట్టరు ముందు కాపలా ఉన్నాడు. లోపల స్టూలు మీద సన్యాసిరావు భార్య కాసులమ్మ కూర్చుని ఉంది. రాత్రంతా ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. త్రినాధరావు తలవంచి షట్టరు కింద నుంచి లోపలికొచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“శవం ఎలా ఉందో చెప్పు” అంది సువార్త.

“ఈ బల్ల మీద బోర్లా పడున్నాడు మేడమ్” అన్నాడు అప్పలరాజు. “కుడిసేతిలో ఈ వైరు ముక్క. ఇటు కొస ప్లగ్గులో ఉంది, స్విచ్చి ఏసే ఉంది. అందుకే సాకని రాసేరు మనోళ్ళు.”

సువార్త ఏదీ ముట్టుకోకుండా బల్ల చుట్టూ చూసింది. రిపేరుకొచ్చిన ఫోన్లు ఇరవై దాకా ఉన్నాయి. అన్నిటికీ వెనక మూతలు ఊడదీసి ఉన్నాయి. బ్యాటరీలు ఒక పక్కన కుప్పగా పడి ఉన్నాయి. సొరుగు తెరిచి ఉన్నా అందులో నోట్లు అలాగే ఉన్నాయి. అద్దాల బీరువాలో కొత్త కెమెరా ఫోన్లు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి.

“దొంగ అయితే ఇవి వదిలి వెళ్ళడు” అంది. “అప్పలరాజూ, ఆ ఫోన్లలో ఒక్కదానికైనా సిమ్ము ఉందేమో చూడు.”

అతను చేతికి రుమాలు చుట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. “ఒక్కదాన్లోనూ నేదు మేడమ్.”

“వచ్చినవాడు వెతికింది సిమ్ము కోసం” అంది సువార్త. త్రినాధరావు రుమాలు జేబులో పెట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు.

ఆమె కాసులమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. “నువ్వు నిన్న ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చావమ్మా?”

“రెండుసార్లమ్మా. ముందరొచ్చి దెబ్బలాడి ఎల్లిపోనాను. ఆయన బువ్వకి రానేదు. మనసాగక గిన్నెట్టుకుని మల్లొచ్చేను.”

“మొదట వెళ్ళినప్పుడు ఆయన బాగానే ఉన్నాడా?”

“బాగానే ఉన్నాడు. అప్పుడే కరెంటు పోయింది. ‘పోయిందిరా దేవుడా, ఇంక పని సాగదు’ అన్నాడు. ఆ మాటే ఆకరి మాట నాతోటి.”

“రెండోసారి వచ్చినప్పుడు?”

“సట్టరు నేలదాకా ఏసుంది. పడుకున్నాడేమో అనుకుని నాను ఎత్తేను. లోపలంతా సీకటి. కరెంటు ఇంకా రానేదు కదమ్మా, బ్యాటరీ లైటు ఏసి సూసేను. సూత్తే…” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సువార్త తలెత్తింది. “అప్పలరాజూ, ఈ సందులో కరెంటు కోత ఎప్పుడు?”

“ఈ నెలంతా మధ్యానం రెండు నుంచి నాలుగు మేడమ్. మేం వచ్చేసరికి కరెంటు వచ్చీసింది.”

“ఇన్వర్టర్ ఉంటుంది కదా” అన్నాడు త్రినాధరావు వెంటనే.

“ఉండేది బాబూ” అంది కాసులమ్మ, మూల వైపు చూపిస్తూ. అక్కడ గోడ నుంచి రెండు వైర్లు ఖాళీగా వేలాడుతున్నాయి. కింద నలుపలకలుగా దుమ్ము లేని జాగా ఉంది. “బ్యాటరీ సచ్చిపోయిందని మొన్నే బాగుకిచ్చీసేడు.”

సువార్త లేచి నిలబడింది. “కరెంటు పోయినప్పుడు బతికే ఉన్నాడు. కరెంటు తిరిగి రాకముందే చచ్చిపోయాడు. లేని కరెంటుతో షాకెలా కొడుతుంది త్రినాధరావు గారూ? చంపినవాడు వైరు చేతిలో పెట్టి, స్విచ్చి వేసి పోయాడు. కోత సంగతి వాడికి తట్టలేదు. ఈ ఊళ్ళో కాపురం ఉన్నవాడికి అది తట్టకుండా ఉండదు.”

త్రినాధరావు మూలకి వెళ్ళి వేలాడుతున్న వైర్ల కొసలు చూశాడు. “ఒప్పుకుంటాను. ఇది హత్య. అయినా మీ దారి వేరు. మీకు ఒక ప్రాణం. నాకు మొత్తం తీరం” అన్నాడు.

“ఈ ఒక్క ప్రాణం ఎందుకు పోయిందో తెలిస్తే మీ తీరం సంగతి కూడా తెలుస్తుంది.” ఆమె కాసులమ్మ వైపు తిరిగింది. “నిన్న దేని గురించి దెబ్బలాడుకున్నారమ్మా?”

కాసులమ్మ తల వంచుకుంది. ఇద్దరు మగవాళ్ళ వైపు అనుమానంగా చూసి, గొంతు తగ్గించింది. “ఆయన దగ్గర రెండో ఫోనొకటి ఉండేదమ్మా. నా ముందర ఎప్పుడూ తియ్యడు. అది మోగితే సందులోకి పోయి మాటాడతాడు. నేకపోతే మేడెక్కీవోడు. ఆడదుందని నాకు తెలిసిపోయింది.”

“నిన్న విన్నావా?”

“ఇన్నాను. నాను రావడం ఆయన సూడనేదు. ‘ఆడికి పెల్లాం పిల్లలున్నారు. నా వల్ల ఆడి కొంప ములిగిపోయింది. ఆణ్ణి ఒగ్గీండి. ఒగ్గకపోతే నానే ఎల్లి అంతా సెప్పేత్తాను’ అని ఏడుత్తున్నాడు. దాని మొగుడి గురించి అనుకున్నానమ్మా నాను. మొగుడికి తెలిసిపోయింది కాబోలు, ఆడి కాళ్ళ మీద పడి సెప్పుకుంటాడు కాబోలు అనుకున్నాను. మాట అవ్వగానే మీద పడి ఫోను లాగీసుకున్నాను. ‘అది ఇచ్చీవే, నా ప్రాణం మీదకొత్తాది’ అని బతిమాలేడు. ఇయ్యనేదు.” ఆమె సువార్త ముఖంలోకి చూసింది. “ఇచ్చీసుంటే బతికుండీవోడేటమ్మా?”

సువార్త ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “ఆ ఫోను ఏదమ్మా?”

కాసులమ్మ బొడ్లో దోపుకున్న గుడ్డసంచి తీసి, అందులోంచి చిన్న నల్ల ఫోను బయటికి తీసింది. “ఒకటే నంబరమ్మా దీన్లో. ఎవత్తో నాను సేసి అడగలేకపోనాను. మీరు అడగండి.”

త్రినాధరావు ఫోను కోసం చెయ్యి చాచాడు. సువార్త ఇవ్వలేదు. తెర మీదున్న నంబరు మాత్రం అతనికి చూపించింది. అతని ముఖం చూస్తే చాలు, చదవనక్కర్లేదు.

“రాంబిల్లి నంబరు” అన్నాడు నెమ్మదిగా.

“అఫ్జల్ రెండో సిమ్ము ఇదే. దోస్తు దగ్గర రెండో ఫోటో తీసుకుని సన్యాసిరావు తన కోసం తీసుకున్నాడు. ఊళ్ళో అందరి ఫోన్లూ ఇతని చేతుల మీదుగా పోతాయి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, భూముల గొడవలో మీటింగు ఎక్కడో, అన్నీ తెలుస్తాయి. ఇటువంటి మనిషిని మన డిపార్టుమెంటులో ఏమంటారు?”

“ఇన్‌ఫార్మర్” అన్నాడు త్రినాధరావు. అంటూనే ఆగిపోయాడు.

“శత్రువుకి కాదు. మనకే. ‘ఆణ్ణి ఒగ్గీండి’ అన్నది అఫ్జల్ గురించే, విడిపించగలిగిన పోలీసుని తప్ప ఇంకెవరిని అలా బతిమాలతాడు? రాంబిల్లిలో ఉన్నది ఇతని దగ్గర సమాచారం తీసుకునే మన ఆఫీసరు. దొంగపేరుతో ఒక నంబరు, ఇంకొకడి పేరుతో ఒక నంబరు. ఇద్దరూ రహస్యంగా మాట్లాడుకున్నారు. సర్వే జరిగితే ఊళ్ళో గొడవలుంటాయి కాబట్టి ఆ రోజుల్లో తప్పకుండా మాట్లాడుకున్నారు. మీరు దూరం నుంచి చూసి గూఢచారులనుకున్నారు. నాలుగు నెలలు మీరు అనుమానించింది ప్రభుత్వం తనతో తాను మాట్లాడుకుంటున్న మాటల్ని!”

“అయితే ఆ ఆఫీసరు మాకు చెప్పచ్చు కదా, అది నా మనిషని?”

“మీకొచ్చిన రిపోర్టు గుర్తు చేసుకోండి. తీర నిఘా వాళ్ళకి అఫ్జల్ పేరు మీరు చెప్పారా?”

“లేదు. ముందు మేం ఒక లేఖ రాశాం, దాని తరవాతే వాళ్ళ రిపోర్టు వచ్చింది. అనకాపల్లి నుంచి ఒక నంబరు రాంబిల్లికి మాట్లాడుతోందని, మీకేమైనా తెలుసా అని మాత్రమే రాశాం. పేరు రాయలేదు.”

“మీరు కాక, ఈ సిమ్ము ఎవరి పేరు మీదుందో తెలిసినవాళ్ళు ఇద్దరే. తీసుకున్న సన్యాసిరావు, వాడి దగ్గర సమాచారం తీసుకునే ఆఫీసరు. మీ లేఖ చూసి ఆయన భయపడ్డాడు. తన దొంగ నంబరు బయటపడకుండా, అఫ్జల్‌ని మీ ముందుకి తోశాడు. గూఢచారిని పట్టిచ్చిన పేరు కూడా దక్కింది. సన్యాసిరావు మాత్రం దోస్తు కోసం అడ్డం తిరిగాడు.”

ఆ ఆఫీసరు పేరు ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. సువార్తకి అనబుద్ధి కాలేదు. పొరపాటు పడ్డానేమోనని, పడి ఉంటే బాగుండునని కూడా అనిపించింది. ఆమె నల్ల ఫోనులోని ఆ ఒక్క నంబరూ నొక్కి స్పీకరు వేసింది.

“వద్దు” అన్నాడు త్రినాధరావు. “ఆ నంబరు కదిలితే ఢిల్లీలో మా వాళ్ళకి తెలుస్తుంది.”

“తెలియనివ్వండి. ఈసారైనా మాటలు వినమనండి.”

మూడుసార్లు మోగింది. ఎత్తారు. అవతల ఎవరూ హలో అనలేదు. ఎక్కడో జీపు ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఇటు నుంచి సువార్త కూడా మాట్లాడలేదు.

“ఎవరి దగ్గరుంది ఈ ఫోను?” అంది మగగొంతు.

కాసులమ్మ ఉలిక్కిపడింది. “ఆడది కాదేటమ్మా?”

అవతల చిన్న నిట్టూర్పు. “కాసులమ్మ దగ్గరా! మా వాళ్ళు వెతకాల్సింది షాపు కాదన్నమాట. పక్కన నువ్వే ఉండి ఉంటావు, సువార్తా.”

 పదిహేనేళ్ళుగా వింటున్న గొంతు. “ఉన్నాను సార్.”

“త్రినాధరావు కూడా ఉన్నాడా? మంచిది. నీకు అన్నీ నేర్పాను గానీ ఒకటి చెప్పలేదమ్మా. సమాచారం తెచ్చేవాణ్ణి ప్రాణం పెట్టి కాపాడుకోవాలి. వాడే నోరు విప్పుతానంటే, అప్పుడు పనిని కాపాడుకోవాలి. నాలుగు నెలల పని అది. ఒక సెల్‌ఫోన్లవాడి కన్నీళ్ళ కోసం పాడు చేసుకోమంటావా?”

“అఫ్జల్ ఏం పాపం చేశాడు సార్?”

“అఫ్జల్ గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. వాణ్ణి వేరే చోటికి మారుస్తున్నాం.”

ఫోను తెగిపోయింది.

త్రినాధరావు అప్పటికే తన ఫోనులో గెస్ట్‌హౌస్ నంబరు నొక్కుతున్నాడు. చెవి దగ్గర పెట్టుకోకుండా అతనూ స్పీకరు వేశాడు. కాపలా కానిస్టేబులు ఎత్తాడు.

“అఫ్జల్ గదిలో ఉన్నాడా?”

“లేడు సార్, ఇందాకే తీసుకుపోనారు కదా. మీరు ఇటు ఎల్లేరు, తీర నిఘావోళ్ళ జీపు అటు వచ్చింది. మీతో మాటాడేమన్నారు.”

“నాతో ఎవరూ మాట్లాడలేదు! ఎటు వెళ్ళారు?”

“అచ్యుతాపురం మీదుగా రాంబిల్లి అన్నారు సార్.”

సువార్త కాసులమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. “అప్పలరాజూ, ఈమెని స్టేషన్‌కి తీసుకెళ్ళు. నా గదిలో కూర్చోబెట్టు. నేను వచ్చేదాకా ఎవరొచ్చి అడిగినా, ఎంత పెద్దవాళ్ళు అడిగినా పంపించకు.” తల వంచి షట్టరు దాటుతూ జీపు డ్రైవరుకి చెయ్యి ఊపింది. వెనక త్రినాధరావు ఇంకా ఫోనులో అరుస్తున్నాడు.

“వాడి చేతులకి బేడీలున్నాయి కదా? తాళం నా దగ్గరే ఉంది!”

“ఆళ్ళ దగ్గర కూడా తాళం ఉంది సార్. బేడీలు తీసీసి మరీ ఎక్కించుకున్నారు. ఇల్లగో, బల్ల మీదే ఉన్నాయి.”

 జీపు మెట్టు మీద ఒక కాలు పెట్టిన సువార్త కూడా ఆ మాట విన్నది. చేతులకి బేడీలున్న మనిషి పారిపోబోతే కాల్చామంటే ఏ కోర్టూ నమ్మదు.